సైన్యం వెళ్లింది మనుషుల్ని కాపాడటానికేనా అని ఎలా తేల్చాలి? (1971 గురించి ఒక సందేహం)

విశాఖ_లా_స్టూడెంట్

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఎల్ఎల్ఎం చదువుతున్నాను. సెమినార్‌కి నాకు వచ్చిన అంశం ఇది: ఒక దేశం తన సైన్యాన్ని ఇంకో దేశంలోకి పంపితే, దాన్ని మానవతా జోక్యం అని ఎప్పుడు అనొచ్చు? ఒక్క ఉదాహరణ తీసుకుని అవునో కాదో చెప్పాలి. నేను 1971లో మన సైన్యం తూర్పు పాకిస్తాన్‌లోకి (అంటే తూర్పు బెంగాల్, ఇప్పటి బంగ్లాదేశ్) వెళ్లడాన్ని తీసుకున్నాను. అది తేలికగా తేలిపోతుందనుకున్నాను గానీ చదివేకొద్దీ చిక్కు పెరుగుతోంది.

కెనడా ప్రభుత్వం వేసిన ఒక అంతర్జాతీయ కమిషన్ 2001లో కొన్ని కొలతలు ఇచ్చింది. జరుగుతున్న ఘోరం అంత పెద్దదై ఉండాలి, ఉద్దేశం సరైనదై ఉండాలి, మిగతా దారులన్నీ మూసుకుపోయి ఉండాలి, అవసరానికి మించి బలం వాడకూడదు, మేలు జరిగే అవకాశం ఉండాలి, తగిన అధికారం ఉన్నవాళ్ల అనుమతి ఉండాలి. ఇందులో ఉద్దేశం దగ్గరే నేను ఆగిపోయాను. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి లాభమేగా అని క్లాసులో సగం మంది అడుగుతున్నారు. భద్రతా మండలిలో మన ప్రతినిధి సమర్ సేన్ తూర్పు బెంగాల్ ప్రజల్ని వాళ్ల బాధల నుంచి కాపాడటమే మా ఉద్దేశం అన్నారు. మరోపక్క డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాయి కాబట్టి ఇది ఆత్మరక్షణ అని కూడా మన వాదన. ఏది పట్టుకోవాలి? ఆ రోజులు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గాజువాక_రవి

ఉద్దేశం చూడటం మొదలుపెడితే ఒక్కటీ మిగలదండీ. 2011లో లిబియా చూడండి. బెంఘాజీలో పౌరుల్ని కాపాడాలని మార్చి 17న భద్రతా మండలి 1973వ తీర్మానం చేసింది. పది దేశాలు సరేనన్నాయి, మనతో సహా ఐదు దేశాలు ఓటు వేయలేదు. అక్టోబర్ వచ్చేసరికి గడాఫీ చనిపోయాడు, ఆ తర్వాత ఆ దేశం ఏళ్ల తరబడి అంతర్యుద్ధంలో పడింది. పౌరుల రక్షణతో మొదలై ప్రభుత్వాన్ని కూల్చడంతో ముగిసింది.

1971కి వస్తే, మన బీచ్ రోడ్డులో ఉన్న స్మారకం దేనికి? పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిపోయిన యుద్ధానికి గుర్తు. అది యుద్ధంలో గెలుపు. గెలుపుని గెలుపు అంటే సరిపోతుంది, దానికి మానవత్వం పేరు ఎందుకు అని నా ప్రశ్న.

టెక్కలి_మాజీ_సైనికుడు

అమ్మా, నేను 1971లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మాది టెక్కలి దగ్గర పల్లె. సరిహద్దుకి ఇటు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ నుంచి అటు తూర్పు పాకిస్తాన్‌లోని జెస్సోర్ వెళ్లే రోడ్డు వైపు మా యూనిట్ ఉండేది. నేను చూసింది ఆ ఒక్క వైపే. యుద్ధం మొత్తం నాకు తెలుసని చెప్పను గానీ, నువ్వు అడిగిన ప్రశ్న గురించి అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ముందు రవిగారు చెప్పిన మాట. ఉద్దేశం మాత్రమే కొలత అయితే ఏదీ నిలవదు, నిజమే. మన ప్రభుత్వానికి ఒకటి కాదు, చాలా ఉద్దేశాలు ఉన్నాయి. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం కాల్పులు మొదలుపెట్టాక సంవత్సరం చివరికి దాదాపు కోటి మంది మన వైపు వచ్చారు. త్రిపుర జనాభా అప్పటికి పదిహేను లక్షల పైచిలుకు ఉంటే, అక్కడికి వచ్చినవాళ్లే దాదాపు పద్నాలుగు లక్షలు. వాళ్లందరికీ తిండి, గుడారం, మందు ఎక్కడి నుంచి తేవాలి? తిరిగి వెళ్లకపోతే ఎలా? ఆ భయం ఒక కారణం. పాకిస్తాన్‌ని బలహీనం చేయొచ్చన్న లెక్క కూడా ఉంది, లేదంటే అబద్ధం. చచ్చిపోతున్న మనుషుల్ని చూసి తట్టుకోలేకపోవడమూ అంతే నిజం. ఇవన్నీ ఒకే క్యాబినెట్‌లో, ఒకే మనిషి మనసులో కూడా పక్కపక్కనే ఉంటాయి. కల్తీ లేని ఉద్దేశం కోసం వెతికితే నీ పేపరు ఎప్పటికీ పూర్తికాదు తల్లీ. దాన్ని ఒక పేరాలో చెప్పి ముందుకు వెళ్లు.

ఘోరం ఎంత పెద్దది అన్నదానికి నా దగ్గర పెద్ద లెక్కలు లేవు. ఎంతమంది చనిపోయారన్నదాని మీద బంగ్లాదేశ్ ముప్పై లక్షలంటుంది, పాకిస్తాన్ వేసిన హమూదుర్ రెహ్మాన్ కమిషన్ ఇరవై ఆరు వేలంది. పరిశోధకుల అంకెలు ఈ రెంటి మధ్యా ఉంటాయి. నేను చూసింది మాత్రం చెప్తాను. జూన్‌లో బన్‌గావ్ ఆస్పత్రికి ఒక పని మీద వెళ్లాం. కలరా. మంచాలు ఎప్పుడో నిండిపోయాయి, జనం నేల మీద పడి ఉన్నారు, అడుగు వేయడానికి పొడి చోటు లేదు. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించారు. పక్కన కూర్చున్న తల్లి గానీ, అన్న గానీ కప్పుతో ముంచి తాగిస్తూనే ఉండాలి. నర్సు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అక్కడ వందకి ముప్పై మంది దాకా చనిపోతున్న రోగంలో మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆ తర్వాత ఈ ఓఆర్ఎస్ ప్రపంచమంతా వ్యాపించింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనుషుల్ని కాపాడటం అంటే ముందు ఇది. సైన్యాన్ని పంపడం దీని తర్వాత వచ్చే ప్రశ్న. శరణార్థుల్ని రానివ్వకుండా సరిహద్దు మూసేసి, వాళ్ల పేరు చెప్పి యుద్ధానికి వెళ్లే దేశాన్ని నేను నమ్మను. మన వాళ్లు మూయలేదు.

వేరే దారులు చూశారా అంటే, చూశారు. ఢాకాలో ఉన్న అమెరికా కాన్సుల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సిబ్బంది ఏప్రిల్ 6నే తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుపడుతూ టెలిగ్రామ్ పంపారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పట్టించుకోలేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇందిరాగాంధీ చాలా పాశ్చాత్య దేశాల రాజధానులు తిరిగి అడిగారు. అయితే నువ్వు ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ నెలలన్నీ ఓర్పు మాత్రమే కాదు. వర్షాలు తగ్గాలి, హిమాలయాల్లో మంచు పడి చైనా వైపు కనుమలు మూసుకోవాలి, సైన్యం సిద్ధం కావాలి. పాకిస్తాన్ సైన్యంతో పోరాడుతున్న బెంగాలీల దళం ముక్తివాహినికి శిక్షణ, ఆయుధాలు మనమే ఇచ్చాం. బొయ్రా దగ్గర గరీబ్‌పూర్‌లో నవంబర్ 21నే మన ట్యాంకులు సరిహద్దు దాటి పోరాడాయి. అంటే యుద్ధం డిసెంబర్ 3నే మొదలైంది, అందుకే ఆత్మరక్షణ అని రాస్తే నీ సార్ ఒక్క ప్రశ్నతో పడగొట్టేస్తారు.

ఇక నా కొలత చెప్తాను. గెలిచిన మర్నాడు ఏం చేశారు అన్నది చూడాలి. ముఖ్యంగా నిన్నటి దాకా అవతలి పక్షాన ఉండి, ఇవాళ దిక్కులేకుండా పోయినవాళ్లని ఏం చేశారు?

డిసెంబర్ 7న జెస్సోర్ చేతికొచ్చింది. కంటోన్మెంట్‌లో పాకిస్తానీ సైన్యం అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఊళ్లోకి వెళ్లేసరికి జనం పూలదండలు వేస్తున్నారు, మమ్మల్ని కౌగిలించుకుని ఏడుస్తున్నారు. అదే ఊళ్లో ఇంకో వైపు తలుపులు బిగించుకున్న ఇళ్లు. బిహారీలని పిలిచే ఉర్దూ మాట్లాడే ముస్లింలు వాళ్లు. 1947లో ఇటు నుంచి అటు వలస వెళ్లినవాళ్లు. వాళ్లలో కొందరు పాకిస్తాన్ సైన్యానికి తోడుగా రజాకార్లనే సాయుధ దళాల్లో చేరి హత్యలు చేశారు. చాలామంది ఏమీ చేయలేదు. చుట్టుపక్కల జనానికి ఆ రోజు ఆ తేడా లేదు.

ఒక సాయంత్రం మా డ్రెస్సింగ్ స్టేషన్‌కి ఒకావిడ కొడుకుని ఎత్తుకుని వచ్చింది. పదేళ్ల లోపు పిల్లాడు, భుజం మీద కత్తి గాయం. ఆవిడ వచ్చీరాని బెంగాలీలో మాట్లాడబోయింది, భయంతో ఉర్దూ వచ్చేసింది. వెనకే పాతిక ముప్పై మంది కర్రలు పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒకతని తమ్ముణ్ణి ఏప్రిల్‌లో చంపేశారట, అరుస్తున్నాడు. అది అబద్ధం కాదు, అతని ముఖం చూస్తే తెలుస్తుంది. మా సుబేదార్ సాబ్ పంజాబీ. ఆయన బంధువు ఒకాయన అదే వారం పశ్చిమ సరిహద్దులో చనిపోయాడని మాకందరికీ తెలుసు. ఆయన గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చినవాళ్లు ఎవరైనా సరే రోగులే, బయటికి ఎవరినీ ఇవ్వను అన్నారు. జనం చీకటి పడేదాకా ఉన్నారు. నేను పిల్లాడి గాయానికి కుట్లు వేయిస్తుంటే వాళ్లమ్మ నా చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు. ఆ రాత్రి వాళ్లని స్టోర్ గుడారంలో పడుకోబెట్టాం.

ఇలాంటివి అన్నిచోట్లా జరిగాయని చెప్పను. డిసెంబర్ 18న ఢాకాలో పల్టన్ మైదానం దగ్గర బందీలని విదేశీ ఫొటోగ్రాఫర్ల ఎదుటే బాయ్‌నెట్లతో పొడిచి చంపారు. పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రెండో రోజు అది. రాజధానిలో మన సైన్యం ఉంది, అయినా ఆపలేకపోయింది. ఢాకా మీర్పూర్ లాంటి చోట్ల మాత్రం బిహారీ కాలనీలకి మన వాళ్లు కాపలా కాశారు. దాదాపు 93 వేల మంది బందీలని, వాళ్లలో పౌరులూ ఉన్నారు, భారతదేశానికి తీసుకొచ్చి జెనీవా ఒప్పందాల ప్రకారం చూసుకున్నారు.

రెండోది, తిరిగి వచ్చేశాం. అక్కడి ఎన్నికల్లో గెలిచిన అవామీ లీగ్ పార్టీ నాయకుడు ముజీబ్ జనవరి 10న ఢాకా చేరారు. మార్చి మధ్యకల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. గెలిచిన సైన్యం మూడు నెలల్లో ఇంటికి వెళ్లడం ఎంత అరుదో చరిత్ర చూస్తే తెలుస్తుంది.

అందుకే నా జవాబు అవును. మచ్చలు ఉన్నా, అవును.

విశాఖ_లా_స్టూడెంట్

సార్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఆ పిల్లాడి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

రెండు సందేహాలు మాత్రం ఉన్నాయి. ఒకటి, డిసెంబర్ 7న ఐరాస సర్వప్రతినిధి సభలో కాల్పులు ఆపి సైన్యాల్ని వెనక్కి పిలవాలన్న తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి, 11 మాత్రమే వ్యతిరేకించాయి. ప్రపంచం ఒప్పుకోలేదు కదా? రెండు, గెలిచిన మర్నాడు చూడాలంటే అప్పటికే అంతా అయిపోతుంది. యుద్ధానికి వెళ్లాలా వద్దా అని తేల్చుకునే రోజున ఆ కొలత ఎలా పనికొస్తుంది?

టెక్కలి_మాజీ_సైనికుడు

రెండో ప్రశ్న మంచిది, దానికే ముందు చెప్తాను.

మర్నాడు చేసే పనులకి ముందు రోజే ఏర్పాటు ఉండాలి తల్లీ. అది కనిపిస్తుంది. బందీలని ఎక్కడ పెడతారో ముందే ఆలోచించారా? గెలిచిన ఊళ్లో అల్పసంఖ్యాకుల కాపలాకి ఎవరినైనా కేటాయించారా? వెంట వెళ్లే మందులు మన సైనికులకేనా, అక్కడి జనానికి కూడానా? అన్నిటికన్నా ముఖ్యం, అధికారం ఎవరికి అప్పగిస్తారు? మనం తయారుచేసిన మనిషికా, వాళ్లు ఎన్నుకున్న మనిషికా?

1971లో దీనికి జవాబు ముందే ఉంది. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలిచింది. ఆ గెలిచినవాళ్లే ఏప్రిల్ 17న ముజీబ్‌నగర్‌లో ప్రభుత్వంగా ప్రమాణం చేశారు. మనం వెళ్లినప్పుడు అప్పగించడానికి జనం ఓటేసిన వాళ్లున్నారు. లిబియాలో అలా లేదు, రవిగారు చెప్పిన గొడవకి సగం కారణం అదే.

వియత్నాం సంగతి కూడా చూడు. 1978 డిసెంబర్‌లో కంబోడియాలోకి వెళ్లి, జనవరి 7న రాజధాని నాంపెన్ పట్టుకుని అక్కడి పాలకుడు పోల్‌పాట్ మారణకాండ ఆపింది. ఆ పాలనలో చనిపోయింది పదిహేను నుంచి ఇరవై లక్షల మంది అని అంచనా. ఆపడం మహోపకారం. కానీ తమకి అనుకూలమైన ప్రభుత్వాన్ని పెట్టి 1989 దాకా సైన్యం అక్కడే ఉంది. వెళ్లినందుకు నేను దండం పెడతాను, ఉండిపోయినందుకు పెట్టను. ఒకే యుద్ధంలో ఒక భాగాన్ని ఒప్పుకుని ఇంకో భాగాన్ని కాదనొచ్చు. నీ పేపర్లో అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పమంటున్నారు గానీ, చెప్పేముందు ఇలా విడదీయి.

104 ఓట్ల సంగతి దాచకు. చట్టం ప్రకారం మనకి అనుమతి లేదు. భద్రతా మండలిలో సోవియట్ వీటో లేకపోతే మనమీదే తీర్మానం వచ్చేది. అప్పుడే స్వతంత్రం వచ్చిన దేశాలు చాలా వాటికి రేపు మన రాష్ట్రం కూడా ఇలాగే విడిపోతే ఎలా అన్న భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ఓటేసిన దేశాల్లో శరణార్థుల్ని ఇళ్లకి పంపే దారి చూపించింది ఎవరు? దారి చూపకుండా ఆగు అనడం చట్టానికి సరిపోవచ్చు, బన్‌గావ్ ఆస్పత్రి నేల మీద పడున్నవాళ్లకి సరిపోదు.

నాందేడ్_తెలుగువాడు

పెద్దాయన చెప్పింది మనసుకి పట్టింది. అందుకే అడుగుతున్నాను, బాధ పెట్టాలని కాదు. ఇదే కొలత 1948 హైదరాబాద్‌కి పెడతారా?

మా తాతగారిది సిద్దిపేట వైపు. భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో రజాకార్లు, నిజాం పోలీసులు ఊరి మీద పడి తొంభై మందికి పైగా చంపారు. ఆ ప్రాంతం జనం సైన్యం ఎప్పుడొస్తుందా అని చూశారు. సెప్టెంబర్ 13న వచ్చింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. మా ఇంట్లో ఆ రోజుని పండగలాగే చెప్పుకుంటారు. తర్వాత మేం నాందేడ్‌లో స్థిరపడ్డాం. అక్కడ మా పక్కింటి ముస్లిం కుటుంబం అదే సెప్టెంబర్ గురించి చెప్పేది వేరు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊరూరా తిరిగి, పోలీసు చర్య అని పిలిచిన ఆ సైనిక చర్య సమయంలో, తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని రాసింది. ఎక్కువ చనిపోయింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. కొన్నిచోట్ల సైనికులు కాపాడారని, కొన్నిచోట్ల లూటీలో, హత్యల్లో కలిశారని కూడా అందులో ఉంది. ఆ నివేదికని దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు.

టెక్కలి_మాజీ_సైనికుడు

పెడతాను బాబూ. పెట్టకపోతే నేను ఇంతసేపు రాసింది దేనికి?

భైరాన్‌పల్లి లాంటి ఊళ్ల వైపు నుంచి చూస్తే ఆ సైన్యం ప్రాణాలు కాపాడింది. రజాకార్ల హింస ఆగింది, అది మామూలు మేలు కాదు. గెలిచిన మర్నాడు చూస్తే, మీరు చెప్పిన జిల్లాల్లో ఓడిన పక్షానివాళ్లుగా ముద్రపడ్డ మనుషుల్ని కాపాడలేదు. యూనిఫాం వేసుకున్నవాళ్లే చేయి కలిపిన చోట అది ఘోరం, నేను వేసుకున్న యూనిఫాం అయినా సరే అదే మాట. ఆ తర్వాత అదే సైన్యం తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టుల మీదికి వెళ్లి 1951 దాకా ఉంది. దాన్ని మానవతా జోక్యంలో భాగం అని ఎవరూ అనలేరు.

హైదరాబాద్ అప్పుడు వేరే దేశమా కాదా అన్నది న్యాయం చదివిన అమ్మాయి చెప్పాలి. నిజాం ప్రభుత్వం 1948 ఆగస్టులోనే భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది, మనం అది మా ఇంటి విషయం అన్నాం. 1971లో పాకిస్తాన్ అదే మాట అంది, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. చచ్చిపోయేవాడికి సరిహద్దు ఎటు పక్క ఉందో దానితో పనిలేదు.

విశాఖ_లా_స్టూడెంట్

హైదరాబాద్ గురించి ఒక అధ్యాయం పెడతాను సార్, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. నాందేడ్ సార్‌కి కూడా థ్యాంక్స్. చివరిగా ఒక్కటి అడగనా? మీరు వచ్చేశాక ఆ బిహారీ కుటుంబాలు ఏమయ్యాయి? త్వరగా వెనక్కి రావడం మంచి గుర్తు అన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే కూడా మంచిదేనా?

టెక్కలి_మాజీ_సైనికుడు

కాదమ్మా. వాళ్లకి అది భయం. మేం వచ్చేశాక కూడా వాళ్ల మీద దాడులు జరిగాయి. లక్షలమంది శిబిరాల్లో ఉండిపోయారు, ఢాకా మొహమ్మద్‌పూర్‌లో జెనీవా క్యాంప్ ఇప్పటికీ ఉంది. పాకిస్తాన్ కొంతమందిని తీసుకుని మిగతావాళ్లని వదిలేసింది. బంగ్లాదేశ్ హైకోర్టు 2008లో వాళ్లు కూడా పౌరులేనని తీర్పిచ్చింది, అప్పటికి ఆ శిబిరాల్లో పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి పిల్లలు కూడా ఉన్నారు.

సైన్యం ఇంకా ఉండాల్సింది అని నేను అనను. ఉండిపోతే కంబోడియా అవుతుంది. కానీ వచ్చేముందు ఆ కుటుంబాల రక్షణ గురించి ఢాకా ప్రభుత్వంతో గట్టిగా మాట్లాడుకుని, రాతపూర్వకంగా తీసుకుని, రెడ్‌క్రాస్ లాంటి బయటివాళ్లని కాపలాకి సాక్షిగా పెట్టి ఉండాల్సింది. అంత పలుకుబడి ఆ మూడు నెలల్లో మనకి ఉంది. పేపర్లో 1971కి అవును అని రాసినా, దీన్ని కింద చిన్న అక్షరాల్లో పెట్టకు. ఒక పూర్తి పేజీ ఇవ్వు.